పొగ ఎప్పుడూ వెనక్కే

మనుషులకి నడవడి సర్టిఫికెట్లు ఇచ్చే అలవాటు మనకి పాతదే. బడి మారినా, కాలేజీ వదిలినా, టీ.సీ.తో పాటు చిన్న కాగితం ఒకటి చేతిలో పెట్టేవారు, "ఈమె నడవడి సంతృప్తికరం" అని. మా క్లాసులో అరవై మందిమీ సంతృప్తికరమే. గోడ దూకి మాట్నీకి వెళ్ళిన అమ్మాయీ సంతృప్తికరమే, ఆ సంగతి లెక్చరరు గారి చెవిన వేసిన అమ్మాయీ సంతృప్తికరమే. ఎవరూ ఎవర్నీ పరీక్షించి ఇచ్చింది కాదు. అందుకే ఆ కాగితాన్ని ఎవరూ నమ్మరు. అది లేకపోతే మాత్రం ఎక్కడా చేర్చుకోరు.

బండికిచ్చే పొల్యూషన్ సర్టిఫికెట్టు కూడా నడవడి సర్టిఫికెట్టే కదా అనిపించింది నాకు ఈ మధ్య. ఒక్కటే తేడా. బండి నడవడిని కొలవడానికి ఒక గొట్టం వుంది. మనుషులకి అలాంటిది లేదు. లేకపోవడమే మంచిదైందేమో లెండి.

మా కారు 2010 ఫిబ్రవరిలో కొన్నాం, మా అమ్మాయిని ఎల్‌కేజీలో చేర్పించిన ఏడాది. అప్పటికి రాష్ట్రం ఒకటే కాబట్టి దాని నుదుటి మీద ఏపీ 09 అని రాసి వుంది. 2014లో రాష్ట్రం రెండయినా, ఇంటిపేరు మార్చుకోనని భీష్మించిన కోడలిలా ఆ నంబరు అలాగే వుండిపోయింది. సొంత బండికి మొదటిసారి చేసిన రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకి తీరిపోతుంది. ఆ తరవాత మళ్ళీ చేయించుకుంటే ఇంకో అయిదేళ్ళు పొడిగిస్తారు. ఆ లెక్కన 2025 మొదట్లో మా కారుకి గడువు దగ్గర పడింది. "వెనక ఆరొందలతో పోయేది. 2022 ఏప్రిల్ నించీ అయిదు వేలు చేశారు. గ్రీన్ టాక్సు వేరే" అని మా వారు వారం రోజులు కాఫీతో పాటు ఇదే మాట తాగారు. ఆర్సీ కావాలి, ఇన్సూరెన్సు కావాలి, చాసిస్ మీద చెక్కిన నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చు కావాలి. ఇన్‌స్పెక్టరు గారు బండిని కళ్ళారా చూడాలి. వీటన్నిటితో పాటు పొల్యూషన్ కాగితం. మా పెళ్ళికి కూడా ఇన్ని అడగలేదు సుమండీ.

మిగతావన్నీ మా వారు చూసుకుంటానన్నారు. పొల్యూషన్ కాగితం నా వంతు వచ్చింది, కారు నడిపేది ఎక్కువ నేనే కాబట్టి.

మా పేటలో పెట్రోలు బంకు మూల ఒక తెల్ల వ్యాను ఆగి వుంటుంది. అందులో ఓ కంప్యూటరు, ఓ మిషను, ఇరవై రెండేళ్ళ కుర్రాడు. ఎన్నింటి దాకా వుంటాడో కనుక్కుందామని కూరలకి వెళ్తూ నడిచే వెళ్ళి అడిగాను.

"బండి అక్కర్లేదు మేడమ్. నంబరు ప్లేటు ఫోటో వుంటే చాలు" అన్నాడు.

"మరి పొగో?"

"పొగదేముంది మేడమ్, వేరే బండిది పెడతా."

నేను తెల్లబోయి నిలబడ్డాను. పరీక్షలకి ఒకరి బదులు ఇంకొకరు కూర్చోవడం విన్నాం. పొగకి కూడా బదులు పొగ వుంటుందని ఇదే వినడం. కుర్రాడి ముఖంలో తప్పు చేస్తున్నానన్న జంకేమీ లేదు. ఎండలో నాకు శ్రమ తప్పించాలన్న దయ మాత్రం వుంది. ఈ దేశంలో చాలా తప్పుడు పనులు ఎదుటివాళ్ళ మీద దయతోనే జరుగుతాయని నాకో అనుమానం.

మర్నాడు కారే తీసుకెళ్ళాను. ఇంజను ఆన్‌లో వుంచమని, సన్నని గొట్టం తెచ్చి సైలెన్సర్లోకి దూర్చాడు. జ్వరం వచ్చిన పిల్లాడి నోట్లో థర్మామీటరు పెట్టినట్టే. కాసేపటికి అంకెలు తేలాయి. మా కారు వయసు పెట్రోలు బండి వదిలే గాలిలో కార్బన్ మోనాక్సైడు అర శాతం మించకూడదు. హైడ్రోకార్బన్లు, అంటే కాలీకాలని పెట్రోలు, పది లక్షల పాళ్ళలో 750 దాటకూడదు. (2010 ఏప్రిల్ తరవాత మన నగరంలో అమ్మిన బండ్లకి ఇంకా గట్టి లెక్క. రెండు నెలల ముందు పుట్టిన పుణ్యాన మా దానికి కాస్త సడలింపు.) రెండో అంకె బాగానే వుంది. మొదటిది 1.4 అని చూపించింది.

"ఫెయిలు మేడమ్" అన్నాడు కుర్రాడు నొచ్చుకుంటూ. "ఇంకో మూడొందలివ్వండి, సరి చేస్తా."

"కారునా?"

"అంకెని మేడమ్."

నేను వద్దని వచ్చేశాను. అందులో నా గొప్పేమీ లేదు, నాకు గడువు ఇంకో మూడు వారాలుంది. రేపే ఆఖరు రోజయితే ఏం చేసేదాన్నో ఇప్పుడు కూర్చుని చెప్పడం సులువు.

ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్ద చర్చే జరిగింది. మా వారు లెక్కల మనిషి. "ఈ ఊళ్ళో లక్షల బండ్లున్నాయి. నీ ఒక్క కారు పొగ ఆపితే హైదరాబాదు గాలి బాగుపడుతుందా? ముందా లారీల్నీ, బస్సుల్నీ పట్టుకోమను" అన్నారు. జవాబు వెతుక్కుంటూ మజ్జిగన్నం కలుపుతున్నాను. అప్పటిదాకా మాట్లాడని మా అత్తగారు అన్నారు: "మా రోజుల్లో ఎవరి పొయ్యి పొగ వాళ్ళ కళ్ళల్లోకే వచ్చేది. మీ కాలంలో మీ పొగ ఎవరి కళ్ళల్లోకి పోతోందో మీకే తెలీదు."

ఆవిడ మామూలుగానే అన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నిజమే కదా. తెనాలి దగ్గర మా అమ్మమ్మ వంటింట్లో కట్టెల పొయ్యి వుండేది. వానాకాలం పచ్చి కట్టెలు మండక, ఊదుగొట్టంతో బుగ్గలు నొప్పెట్టేలా ఊదేది. ఊదిన ప్రతిసారీ గుప్పుమని పొగ తిరిగి ఆవిడ ముఖానికే కొట్టేది. పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ వండేది. పొగ ఎక్కువైందన్న సంగతి ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఏ వ్యానూ కొలవనక్కర్లేదు. మంట వేసేదీ ఆవిడే, మంట అనుభవించేదీ ఆవిడే. అదే గొట్టాన్ని బండికి బిగించేసరికి దాని దిక్కు మారిపోయింది. కారు చేసినవాడు కూర్చునే చోటు ముందు పెట్టి, పొగ వదిలే చోటు వెనక పెట్టాడు. మనం అద్దాలెత్తుకుని, ఏసీ వేసుకుని, పాట పెట్టుకుని ముందుకి పోతూ వుంటాం. మన పొగ ఎప్పుడూ వెనక్కే. వెనక స్కూటీ మీద బిడ్డని ముందు నిలబెట్టుకున్న తల్లి వుంటుంది, సిగ్నలు దగ్గర పూలమ్మే పిల్ల వుంటుంది, రోజంతా అక్కడే నిలబడే ట్రాఫిక్ కానిస్టేబులు వుంటాడు. వాళ్ళ ముఖాలు మన అద్దంలో కనబడతాయి గానీ దగ్గులు వినబడవు.

అమ్మమ్మ పొయ్యిని నేనేమీ ఆకాశానికెత్తడం లేదు. అత్తగారి మాటలో ఒక చిన్న లోపం కూడా వుంది. పొయ్యి పొగ వండే మనిషికే కాదు, ఆవిడ చంకలో పిల్లకీ తగిలేది. 1980ల మొదట్లో కర్క్ స్మిత్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు గుజరాత్ పల్లెల్లో వంట చేసే ఆడవాళ్ళకి చిన్న యంత్రాలు తగిలించి, వాళ్ళు పీల్చే పొగని కొలిచాడు. అంతవరకూ పొగంటే ఫ్యాక్టరీలదీ పట్నాలదీ అనుకున్న పెద్దమనుషులకి, పొగ వంటింట్లో వుందని అప్పుడు తెలిసింది. 2020 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 32 లక్షల మంది ఇంట్లో పొగవల్ల పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దగ్గర 1999లో దీపం పథకం వచ్చి ఎన్నో పల్లె ఇళ్ళకి గ్యాసు అందిన తరవాత ఆ కళ్ళు కాస్త తేరుకున్నాయి. నేను చెప్పేదల్లా ఇదే: తన పొగ తన కంట్లో పడే మనిషికి నీతి ఎవరూ బోధించనక్కర్లేదు. తన పొగ పరాయి కంట్లో పడే మనిషికే నీతి కావాలి.

ఇక మా వారి లెక్క. రాజుగారి కోనేట్లో తలా ఓ చెంబెడు పాలు పొయ్యమంటే, అందరూ చీకట్లో నీళ్ళు పోసిన కథ మనందరికీ తెలిసిందే. ఆ కథలో నీళ్ళు పోసినవాళ్ళకి వచ్చిన నష్టం ఏమీ లేదు, రాజుగారు చిన్నబుచ్చుకున్నారంతే. కానీ ఆ కోనేట్లో నీళ్ళే ఊరంతా తాగాలనుకోండి. అప్పుడు నా ఒక్క చెంబు లెక్కలోకి రాదని అనగలమా? గాలి అలాంటి కోనేరు. వద్దనుకుని వేరే తాగడానికి లేదు.

"నాది కాదు, ఎవరిదో" అనుకోవడం మనకి కొత్త కాదు, మన ఒక్కళ్ళకీ చెందింది కాదు. 1943 జూలైలో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరాన్ని ఒకరోజు కళ్ళు మండే పొగమంచు కమ్మేసింది. యుద్ధకాలం కావడాన శత్రువులు విషవాయువు వదిలారేమోనని భయపడ్డారుట. తరవాత ఒక ఫ్యాక్టరీని అనుమానించారు. అది మూసినా పొగ పోలేదు. చివరికి హాగెన్ స్మిట్ అనే ప్రొఫెసరు తేల్చాడు. ఆయనకి పొగతో సంబంధమే లేదు. అనాసపండుకి ఆ వాసన ఎక్కణ్ణించి వస్తుందో పరిశోధిస్తూ వుండేవాడు. పండు వాసన పట్టే పద్ధతిలోనే ఊరి గాలిని పట్టి చూస్తే, బండ్ల గొట్టాల్లోంచీ, నూనె శుద్ధి చేసే కర్మాగారాల్లోంచీ వచ్చే ఆవిర్లు ఎండలో కలిసి ఆ విషం తయారవుతోందని 1950ల మొదట్లో బయటపడింది. శత్రువు ఎక్కడో లేడు, ఎవరింటి ముందు వాళ్ళే కడిగి నిలబెట్టుకున్నారు! ఆ మాట కారు కంపెనీలకి రుచించలేదని వేరే చెప్పాలా?

ఇంకో చిక్కుంది. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పున్నట్టే అన్నది తర్కశాస్త్రంలో మొదటి పాఠం. మా కాలేజీలో ఫిలాసఫీ మాష్టారు ఈ ఒక్క కొండతోనే ఏడాదంతా నెట్టుకొచ్చేవారు. కానీ మా కారు గొట్టంలోంచి వచ్చేది కంటికి కనబడదే! కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు. ఒంట్లోకి పోతే రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన పీట మీద ఇది కూర్చుంటుంది. ప్రాణవాయువు కంటే రెండొందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది, లేవమన్నా లేవదు. నల్లగా కక్కే లారీని చూసి ముక్కు మూసుకుంటాం, తిట్టుకుంటాం. మిలమిల మెరిసే చిన్న కారు వెనక నిశ్చింతగా నిలబడతాం. మనుషుల్లోనూ అంతే కదూ. గట్టిగా అరిచే ఆడపడుచుతో వచ్చే బాధ పైకి కనిపిస్తుంది. నవ్వుతూ మాట్లాడే మనిషి దగ్గర ఏళ్ళ తరబడి ఎందుకు తలనొప్పి వస్తోందో తెలుసుకునేసరికి సగం జీవితం అయిపోతుంది.

నిప్పున్న చోట పొగ తప్పదని భగవద్గీత ఆఖరి అధ్యాయంలో కృష్ణుడే అన్నాడు కదా, ఏ పని మొదలుపెట్టినా నిప్పుని పొగ కమ్మినట్టు ఏదో ఒక దోషం కమ్మే వుంటుందని. ఈ మాటని మా వారి స్నేహితుడొకాయన లంచం విషయంలో వాడుకుంటూ వుంటారు. అదేం న్యాయమో! పొగ తప్పదన్నాడు గానీ, ఎంతైనా వదలొచ్చని ఎక్కడన్నాడు?

ఈ అర శాతం అన్న అంకె నాకు నచ్చింది అందుకే. చట్టం సున్నా అడగలేదు చూడండి. మన పెద్దవాళ్ళ మడి వుందే, అది సున్నా లెక్క. తడిబట్ట కట్టుకుని వున్నంతసేపూ నూటికి నూరు శుద్ధి. పొరపాటున పిల్లాడు తాకాడా, నూటికి నూరూ పోయింది. మళ్ళీ స్నానం. మధ్యలో ఏమీ లేదు. అంత శుద్ధిగా వుండలేం గనక మనలో చాలామంది అసలు ఆ జోలికే పోకుండా వుండిపోయారు. ఇదేమో, "అమ్మా, నువ్వు బతకాలి, ఆఫీసుకెళ్ళాలి, పిల్లని దింపాలి, పొగ వస్తుంది, తెలుసు. ఇంత దాకా పరవాలేదు, ఇది దాటొద్దు. ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకో" అంటోంది. సంసారికి చెప్పవలసిన నీతి ఇలాగే వుండాలనిపిస్తుంది నాకు. సన్యాసుల నీతి సంసారులకి చెప్పబట్టే మనకి ఇన్ని దొంగ కాగితాలు.

సరే, కారుని మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. పెద్దాయన, మాటకి ముందు "చూడమ్మా" అంటాడు. గాలి పీల్చే ఫిల్టరు తీసి దులిపితే పిడికెడు మట్టి రాలింది. ప్లగ్గులు అరిగాయన్నాడు. సైలెన్సరు దారిలో ఆక్సిజన్ సెన్సారు అని ఒకటుందిట. ఇంజనుకి పెట్రోలెంతో గాలెంతో వంటమనిషిలా రుచి చూసి చెప్పేది అదే. అది చచ్చిపోయింది. రుచి తెలీక ఇంజను ఎడాపెడా పెట్రోలు తాగేస్తోంది. రెండు రోజులు బండి అక్కడే వుంది. నాలుగు వేల చిల్లర అయింది.

ఇచ్చేటప్పుడు ఓ మాట చెప్పాడు. "చూడమ్మా, చల్లటి బండిని తిన్నగా పరీక్షకి తీసుకుపోవద్దు. పదిహేను ఇరవై నిమిషాలు తిప్పి, వేడెక్కాక పెట్టించు."

"అది మోసం కాదా?" అన్నాను. నా బుర్రంతా అప్పటికి ఇదే తిరుగుతోంది మరి.

ఆయన నవ్వాడు. సైలెన్సరు దారిలో తేనెపట్టులాంటి చట్రం వుంటుందనీ, దానికి ప్లాటినం లాంటి లోహాల పూత పూస్తారనీ, విషవాయువుల్ని విరిచేది అదేననీ, బాగా కాగితే గానీ అది పని మొదలుపెట్టదనీ చెప్పాడు. మనం రోడ్డు మీద తిరిగే బండి వేడి బండే కాబట్టి దాన్ని వేడిగా చూపించడమే నిజమట. "మోసమంటే అది కాదమ్మా. పాత స్కూటర్లకి కార్బొరేటరు మరలు పరీక్ష ముందు బిగిస్తారు, బయటికి రాగానే మళ్ళీ వదులు చేస్తారు, పికప్ రావట్లేదని. అదీ మోసం."

ఈ తేడా మనకి కొత్తగా చెప్పాలా? పెళ్ళిచూపులనాడు పిల్లకి తలదువ్వి, పూలు పెట్టి, పట్టుచీర కడతాం. అది మోసం కాదు. అక్కని చూపించి చెల్లెలి మెడలో తాళి కట్టిస్తే అది మోసం. కాకపోతే ఈ రెండింటి మధ్యా బోలెడు చోటుంది, మనమందరం ఎక్కువగా తిరిగేది అక్కడే. "మా అమ్మాయి పాడుతుంది" అన్నవాళ్ళు ఆ ఒక్క పాటే పాడుతుందని చెప్పరు.

పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళని కనిపెట్టి ప్రవర్తించే కారు కూడా తయారైందంటే నమ్ముతారా? జర్మనీ కంపెనీ ఫోక్స్‌వాగన్ డీజిలు కార్లలో ఆ తెలివి పెట్టారని 2015 సెప్టెంబరులో బయటపడింది. పరీక్ష మిషను మీద చక్రాలు తిరుగుతాయి, స్టీరింగు కదలదు. అలాంటి గుర్తుల్ని బట్టి "ఇది పరీక్ష" అని కారులోని కంప్యూటరు పసిగట్టి ఒద్దికగా వుండేది. రోడ్డెక్కగానే కొంగు దులిపేసేది. నైట్రోజన్ ఆక్సైడులు అనే విషం హద్దుకి నలభై రెట్ల దాకా వదిలేదని అమెరికా ప్రభుత్వం చెప్పింది. ప్రపంచం మొత్తం మీద అలాంటి కార్లు కోటీ పది లక్షలు. పట్టుకున్నది ఎవరనుకున్నారు? వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు కొందరు. పరీక్షశాలలో కాకుండా, మిషను డిక్కీలో పెట్టుకుని వందల మైళ్ళు రోడ్డు మీదే తిరిగారు. పెళ్ళిచూపులు మానేసి కాపురం చూడ్డానికి వెళ్ళారన్నమాట.

అబద్ధమంటే ఆ కారు ఆడినదానికి సరిపోతుందా, చాలదా అని ఆలోచించాను. పరీక్షలో అది చూపించిన అంకె నిజమే. ఆ నిమిషానికి ఆ పొగ అంతే. మన ధర్మరాజు గారూ అంతే కదా. అశ్వత్థామ చచ్చాడని పైకి అని, ఏనుగు అని లోపల అన్నారు. అక్షరాలా చూస్తే పరీక్ష పాసయ్యే మాట. అంతవరకూ నేలకి నాలుగంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ మాటతో నేలని తాకింది. ఒక బండి తన యజమాని నడవడిని కొలిచి చెప్పడం మన కథల్లో అదే మొదటిసారి కామోసు! ద్రోణుడు మాత్రం ఆ మాట నిజమని నమ్మి విల్లు కింద పెట్టాడు. నా బాధ అదీ. సర్టిఫికెట్టు అనేది ఆర్టీఏ ఆఫీసులో గుమాస్తాకి మనం ఇచ్చే మాట కాదు. దాన్ని నమ్మి మన వెనక నిలబడేవాళ్ళకిచ్చే మాట.

2025 ఏప్రిల్‌లో ఢిల్లీ అసెంబ్లీ ముందుకొచ్చిన కాగ్ నివేదికలో, హద్దు దాటి పొగ వదిలినా లక్షకు పైగా బండ్లకి పాసయినట్టు కాగితాలిచ్చారని రాశారు. ఒకే చోట ఒకే సమయంలో ఒకటికి మించి బండ్లని పరీక్షించినట్టు నమోదైన సందర్భాలు కూడా వేలల్లో వున్నాయిట. మా బంకు కుర్రాడు ఒంటరివాడు కాడన్నమాట. కాగితం లేకుండా పట్టుబడితే పదివేల దాకా జరిమానా అని 2019లో చట్టం బిగించారు. చట్టం బిగిసేకొద్దీ కాగితం గిరాకీ పెరిగింది. పొగ తగ్గిందా అన్నది వేరే ప్రశ్న.

మా కారు రెండోసారి 0.3 చూపించి పాసయింది. కుర్రాడు నాకంటే ఎక్కువ సంతోషించాడు. రోజుకి ఎన్ని బండ్ల గొట్టాల దగ్గర వంగుంటావు నాయనా, ముక్కుకి గుడ్డయినా కట్టుకోవేం అంటే, "అలవాటైపోయింది మేడమ్" అన్నాడు.

ఇక్కడితో ఈ వ్యాసం ఆపేసి, నా భుజం నేనే తట్టుకుని వుండవచ్చు. మా ఆటో అతను ఆపుకోనివ్వలేదు.

మా అపార్టుమెంటులో ఎనిమిది మంది పిల్లల్ని బడికి తీసుకెళ్ళే ఆటో ఒకటుంది. వయసు మా కారంతే వుంటుంది. అది స్టార్టయితే మూడో అంతస్తు దాకా తెలుస్తుంది. ఆమధ్య మాటల్లో అడిగాను, పొల్యూషన్ చేయించావా బాబూ అని.

"నాకు ఫోన్లనే వస్తదమ్మా కాగితం. బండి తీస్కపోతే ఫెయిల్ జేస్తరు. ఫెయిలైతే రిపేరు. రిపేరంటె రెండు దినాలు బండి నిలవడ్తది. నా కిరాయి ఎవరిస్తరు? పిల్లగాండ్లను ఎవరు దింపుతరు? మీరే చెప్పుండ్రి" అన్నాడు.

ఏం చెప్పను? నా కారు ఆగిన రెండు రోజులూ నేను మెట్రోలో తిరిగాను, అదో సరదా. నాలుగు వేలు కట్టి నిజాయితీపరురాలినయ్యాను. అతనికి నాలుగు వేలంటే ఇంటద్దె. చవగ్గా దొరికిన చోట నీతిని కొనుక్కుని, కొనలేనివాణ్ణి అవినీతిపరుడనడానికి నాకు నోరు రాలేదు. అలాగని వూరుకోవడానికీ లేదు. అతని ఆటోలో వెనక సీటు మీద కాళ్ళు బయటికి వేలాడేసుకుని కూర్చునేది ఎదురు ఫ్లాటు వాళ్ళ రెండో క్లాసు పిల్ల. దానికి చలికాలమంతా ఆయాసం.

ఎదురు ఫ్లాటు ఆవిడతో ఈ మాటే అన్నాను. "ఆటో మార్చేద్దాం వదినా" అంది ముందు. మార్చేస్తే ఈ ఆటో ఆగిపోతుందా, వేరే పిల్లల్ని ఎక్కించుకుంటుంది. అది తనకీ తోచినట్టుంది, కాసేపు మాట్లాడలేదు. రిపేరుకి నాలుగు వేలనుకుంటే ఎనిమిది ఇళ్ళకి తలా అయిదొందలు పడుతుందని లెక్క వేశాం. ఆ రెండు రోజులూ పిల్లల్ని నా కారులో రెండు విడతలుగా నేను దింపుతానన్నాను. అతని రెండు రోజుల కిరాయి మాటేమిటని తనే అడిగింది. అదీ కలిపితే ఏడొందలు దాటింది.

"సరే, ఇప్పుడిస్తాం. మళ్ళీ ఆరు నెలలకో?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆదివారం సాయంత్రం అందర్నీ కిందికి రమ్మన్నాం. లిఫ్టు సంగతి అయ్యాక ఇదే.